ఉప్పు, బొగ్గు, రాగిరేకు

ఆమె పోయిందని తెలిసి వెళ్ళినప్పుడు ఛత్రినాక గల్లీలో నా చెవిన పడిన మొదటి మాట "పాపం". పాపం ఒంటరి మనిషి, పాపం ఎవరితోనూ కలిసేది కాదు, పాపం మంచిదే గానీ మొండిది. ఇంకొక్కరు పాపం అని ఉంటే అక్కడే గొడవ పెట్టుకునేదాన్ని. ఆమె బతికుండగా ఆ మాట ఎవరైనా ముఖం మీద అని ఉంటే కుర్చీలోంచి లేవకుండానే వాళ్ళను గల్లీ చివరిదాకా తరిమేది. ఎంతమంది ఎన్ని అన్నా ఆ ఒక్క మాట అనిపించుకోకుండా బతికింది. పోయాక అంటించారు, అడిగేవాళ్ళు లేరని. నేనున్నాను కాబట్టి రాస్తున్నాను.

గల్లీలో అందరికీ ఆమె ఆఫీసక్క. పాలవాళ్ళు, కిరాణా కొట్లు, టైలర్లు, ఆటోవాళ్ళు, అందరూ ఉన్న ఆ గల్లీలో ఆఫీసు అని బోర్డు వేలాడింది ఆమె గుమ్మానికొక్కటే. చిన్న దుకాణాల లెక్కలు చూసి, పన్ను రిటర్నులు వేసిపెట్టే ఆఫీసు అది. రెండు గదులు, ముందు ఒక వాకిలి. ఇంటి ఓనరు ఒకప్పుడు ఆ వాకిట్లో బర్రెలను కట్టేసేవాడట. వాన పడితే ఇప్పటికీ ఆ వాసన లేచేది. పాత ఇల్లు కాబట్టి అద్దె తక్కువ, పాత ఇల్లు కాబట్టే కరెంటు అధ్వాన్నం.

నేను అక్కడ లెక్కలు రాయడానికి చేరాను. మా నాన్న కోస్తా నుంచి సర్కారు నౌకరీ మీద వచ్చి సంతోష్‌నగర్‌లో స్థిరపడ్డ మనిషి. మా ఇంట్లో "అండి" లేకుండా మాట ముగియదు. మొదటి రోజు పొద్దున్నే నా అండీలు వరసపెట్టి వినీ వినీ, ఇంత మర్యాద తనకా కుర్చీకా అని అడిగింది. కుర్చీకైతే పర్వాలేదు, తనకైతే వద్దంది. నేను మానలేదు. నేను ఆ ఆఫీసులో ఉన్నంత కాలం ఆమె నన్ను వెక్కిరిస్తూనే ఉంది, నేను అండీ అంటూనే ఉన్నాను.

ఆమె చెయ్యి ఎలా ఉండేదో చెప్పాలి. ఏ యంత్రాన్ని ముట్టుకున్నా ముందు చెయ్యి వెనక్కి తిప్పేది. అరచేత్తో కాదు, వేళ్ళ వెనకవైపుతో ఒక్క క్షణం తాకి చూసేది. ఫ్రిజ్జయినా, బీరువా పక్కనున్న కూలరైనా, కొత్తగా కొన్న కంప్యూటరైనా అంతే. అరచేత్తో పట్టుకుంటే కరెంటు కొట్టినప్పుడు వేళ్ళు ముడుచుకుపోయి దాన్నే పట్టుకుంటాయట, వెనకవైపైతే చెయ్యి దూరంగా ఎగిరిపోతుందట. పెళ్ళిళ్ళకు వెళ్ళినా ఆ అలవాటు మానేది కాదు. ఒకసారి ఎవరో రిసెప్షన్‌లో వధూవరుల వెనక మెరుస్తున్న ఇనుప కమానును అలా వేళ్ళు తిప్పి తాకి, స్టేజీ దిగి వచ్చి, ఫొటోలు తొందరగా కానిచ్చుకోమని ఆడపెళ్ళివారికి చెప్పింది. ఆ మాటకు వాళ్ళు నొచ్చుకున్నారు. ఆమె లక్ష్యపెట్టలేదు.

"కరెంటుకు మొహమాటం లేదు" అనేది ఆమె ఎప్పుడూ. మనుషుల్లో అందరికీ మొహమాటమే, తనకు నచ్చింది కరెంటొక్కటేనని కూడా అనేది.

ఆఫీసులో ఎర్ర రంగు పూసిన సాకెట్లు కొన్ని ఉండేవి. అవి కంప్యూటర్లకు మాత్రమే. వాటిలో ఎవరైనా ఫోను చార్జరు పెడితే పీకి బయట అరుగు మీద పెట్టేది. ఫోనుతో సహా. ఒకసారి పన్ను శాఖ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫోనుకూ అదే గతి పట్టింది. మూడో పిన్ను విరగ్గొట్టి ప్లగ్గును రెండు కన్నాల్లో దూర్చేవాళ్ళంటే ఆమెకు ఎంత మంటో చెప్పలేను. అలాంటి మనిషి ఇంటికి వెళ్తే మంచినీళ్ళు కూడా తాగేది కాదు. మబ్బు పట్టగానే అన్ని ప్లగ్గులూ పీకించేది. వేల రూపాయలు పోసి రక్షణ పెట్టించారు కదా, ఇంకా పీకడం ఎందుకండీ అంటే, నమ్మకం వేరు, పీకుడు వేరు అనేది. ఇందులో న్యాయం ఉందని నేను అనను. మబ్బు చూసి పీకించిన ప్రతిసారీ ఒక గంట పని పోయేది, వాన మాత్రం చాంద్రాయణగుట్ట దాకా వచ్చి అటే పోయేది.

ఈ పట్టింపంతా ఒక్క మధ్యాహ్నంతో మొదలైంది. రిటర్నులకు ఆఖరి వారం. ఇద్దరం తలెత్తకుండా పని చేస్తున్నాం. ఉన్నట్టుండి ట్యూబులైటు తెల్లగా మండింది, ఫ్యాను పిచ్చి పట్టినట్టు తిరిగింది. వెంటనే ప్లాస్టిక్కు కాలిన కంపు. స్తంభం మీద న్యూట్రల్ వైరు తెగిందని తర్వాత తెలిసింది. అది తెగితే ఇళ్ళలోకి రావలసిన దానికి దాదాపు రెట్టింపు వస్తుంది. కంప్యూటర్లు, ప్రింటరు, యూపీఎస్ అన్నీ పోయాయి. ఆమె స్కేలుబద్దతో మెయిను దింపింది, కిటికీలు తెరిచింది. దుకాణాలవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ లెక్కలేమయ్యాయని అడుగుతుంటే, కాలిపోయినయి, మళ్ళ రాస్తం, పోండ్రి అని అందరికీ అదే మాట చెప్పింది. చేత్తో రాసి, పక్క వీధి ఇంటర్నెట్ షాపులో కూర్చుని గడువులోపు అన్నీ వేశాం. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరినీ తిట్టలేదు. నాకు అదే భయమేసింది.

గడువు దాటిన మర్నాడు ఖాళీ గదిలో అటూ ఇటూ నడుస్తూ మొదలుపెట్టింది. ఏ యంత్రం ఎక్కడ ఉండాలి, ఏది ఎంత తింటుంది, ఏది దేనితో కలిసి ఉండకూడదు. ఆమె లెక్కలో యంత్రాలన్నీ తినేవే. కంప్యూటరు తక్కువ తిని నెమ్మదిగా ఉండేది. కూలరు పొద్దంతా నమిలేది. లేజరు ప్రింటరు మొగపెళ్ళివారి బాపతు, నిద్రపోయి లేచి ఒక్కసారే అన్నీ కావాలంటుంది. దాన్ని యూపీఎస్ మీద పెడితే అందరి అన్నమూ అదే తినేస్తుంది కాబట్టి దాన్ని వేరే లైను మీద కూర్చోబెట్టాలి. కూలరుకొక లైను, దీపాలకూ ఫ్యాన్లకూ ఒకటి, కంప్యూటర్లకు ఎర్ర సాకెట్లతో ఒకటి. ప్రతిదానికీ దానంతటది పడిపోయే స్విచ్చి. మీటరు పక్కన మెయిను బోర్డులో పిడుగుల డబ్బా. అది ఆమె పెట్టిన పేరు. పైనుంచి ఎక్కువ కరెంటు దూసుకొస్తే పట్టి భూమిలోకి తోసేసే చిన్న పెట్టె.

భూమిలోకి తోసెయ్యాలంటే భూమికి దారి ఉండాలి. ఆ ఇంటికి లేదు. ఆ గల్లీలో దాదాపు ఏ ఇంటికీ లేదు.

వైరింగుకు వచ్చిన భాయ్ ఇక్కడే మొరాయించాడు. మంచి పనివాడే, కానీ దగ్గరి దారి కనబడితే పక్కకు చూడడు. భూమిలో ఏముందో ఎవరు తవ్వి చూస్తారక్కా, ఎర్తు వైరును న్యూట్రల్‌కు కలిపేస్తే హోగయా అన్నాడు. అందరి ఇళ్ళల్లో అదే చేశానని కూడా అన్నాడు, గొప్పగా. ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. అంటే మొన్న ఆ వైరు తెగినప్పుడు అందరి ఫ్రిజ్జుల మీదికీ కరెంటు ఎక్కించింది నువ్వేనన్నమాట అంది. భాయ్ టోపీ సర్దుకుని, గుంత ఎప్పుడు తవ్వమంటారని అడిగాడు.

ఆఫీసుకు సెలవు కాబట్టి ఆదివారం తవ్వమంది. ఆ ఆదివారం అమావాస్య. నేను చెప్పాను, ఆషాఢ అమావాస్య అండీ అని. అమావాస్యకు కరెంటు బందున్నదా అంది.

వాకిట్లో మనిషి లోతు గుంత తవ్వారు. అడుగున రాగిరేకు నిలబెట్టి, దానికి తీగ బిగించి, చుట్టూ ఒక వరస బొగ్గులు, ఒక వరస దొడ్డుప్పు, మళ్ళీ బొగ్గులు, మళ్ళీ ఉప్పు వేశారు. ఉప్పూ బొగ్గూ తడిని పట్టి ఉంచుతాయి. నీళ్ళు పోయడానికి మధ్యలో ఒక గొట్టం. ఇదంతా ఎక్కడైనా చేసే పద్ధతే. కానీ మా ఓనరు బాపు, పాలవ్యాపారం మానేసి ముసలితనంలో ఆ ఇంటి వెనక భాగంలో ఉండే మనిషి, భూమిని తవ్వుతూ ఊరికే ఎలా ఉంటామని పొద్దున్నే వచ్చాడు. పసుపు చల్లాడు, కుంకుమ చల్లాడు, టెంకాయ కొట్టాడు. ఆయనకు తెలిసిన భక్తి అది, బర్రె ఈనినా అదే చేసేవాడు. ఆమె వద్దనలేదు. ఆయన భూమి, ఆయన టెంకాయ అనుకుంది.

ఇక చూడండి. అమావాస్య నాడు, ఒంటరి ఆడది, ఇంటి ముందు గుంత తవ్వించి, పసుపు కుంకుమలు చల్లించి, బస్తాల కొద్దీ బొగ్గూ ఉప్పూ పోసి, రాగిరేకు పాతిపెట్టింది. గల్లీ అంతా మేడల మీద నిలబడి చూసింది.

అది చాలనట్టు మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆ గొట్టంలో బకెట్టు నీళ్ళు పోసేది. ఎర్తు గుంత ఎండకూడదు, ఎండితే పని చెయ్యదు. పక్కిళ్ళ ఆడవాళ్ళు వాకిళ్ళు చల్లే వేళకే ఆమె వచ్చేది, తలంటుకున్న రోజైతే జుట్టు విరబోసుకుని వచ్చేది. ముడేసుకుని పోయండి, లేకపోతే కాస్త ఆలస్యంగా పోయండి అని చెప్పి చూశాను. నీళ్ళు పోసేది గుంతకు, దానికీ తన జుట్టుకూ ఏం సంబంధమని అడిగింది. నిజంగానే సంబంధం లేదు కదా.

తర్వాత కొన్నాళ్ళకు పక్కింటి అవ్వ మనవరాలికి జ్వరం వచ్చింది. మూడు నాలుగేళ్ళ పిల్ల. దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. తాయెత్తు కట్టారు, అంత్రం వేయించారు, అయినా దిగలేదు. ఎక్కడికో తీసుకెళ్తే, అక్కడి మనిషి కళ్ళు మూసుకుని, మీ ఇంటి దగ్గర్లో ఎవరో ఏదో పాతిపెట్టారని చెప్పాడట. ఇంక వేరే చెప్పాల్సిందేముంది?

బాణామతి. ఆ మాట మొదట గుసగుసగా తిరిగింది, తర్వాత గట్టిగానే. మా దగ్గర లెక్కలు రాయించుకునే దుకాణాలవాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు. పాలబ్బాయి ప్యాకెట్టు గేటు బయటే పెట్టి పరుగెత్తేవాడు. ఒక పొద్దున గడప మీద సూదులు గుచ్చిన నిమ్మకాయ ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె వంగి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టేవాళ్ళు జర రసమున్నదైనా పెట్టరాదా అని చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని పనిలో కూర్చుంది. ఇంకో రోజు కిటికీ అద్దం మీద రాయి పడింది. ఆ రోజు ఆమె నవ్వలేదు. గాజు పెంకులు ఊడ్చి, కిటికీ తెరిచే ఉంచింది.

నేను నవ్వుతూ చెప్తున్నాను గానీ ఇది నవ్వే విషయం కాదు. బాణామతి చేస్తుందని పేరు పడ్డ ఆడవాళ్ళకు ఏం జరుగుతుందో మన దగ్గర అందరికీ తెలుసు. ఊళ్ళు విడిచిపోతారు. విడిచిపోయే వీలు దొరికినవాళ్ళు అదృష్టవంతులు. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు, వెనకేసుకొచ్చే అన్నదమ్ములు లేరు. ఉన్నది ఆ రెండు గదుల ఆఫీసు. ఆ పేరు అంటుకుంటే అదీ పోతుంది, ఇంకేం పోతుందో తెలియదు. మా అమ్మ నన్ను మానెయ్యమంది. నేను మానలేదు, ధైర్యం ఉండి కాదు, ఆమెకు చెప్పే ధైర్యం లేక.

ఒక ఆదివారం పెద్దమనుషులు వచ్చారు. అడక్కుండానే ఆమె వాకిట్లో ప్లాస్టిక్కు కుర్చీలు వేసుకున్నారు. బస్తీకి పెద్దగా తిరిగే ఒకాయన, పక్కింటి అవ్వ, అవ్వ కొడుకు, అంటే ఆ పిల్ల తండ్రి, గోడ పొడుగునా ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్ళు. ఓనరు బాపు ఒక మూల తల వంచుకుని కూర్చున్నాడు. భాయ్‌ను కూడా పిలిపించారు, గుంత తవ్వింది అతనే కాబట్టి.

పెద్దాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. ఎవరూ ఏమీ అనడం లేదు, ఆమె చదువుకున్న మనిషి, కానీ గల్లీ శాంతి కూడా చూడాలి కదా. ఒక మనిషిని తీసుకొస్తాం, గుంత దగ్గర నిమ్మకాయ కోసి, కోడిని తిప్పి వదిలేస్తాడు. తర్వాత గుంత పూడ్చేస్తే అయిపోయింది. పది నిమిషాల పని, ఖర్చు కూడా తామే పెట్టుకుంటామన్నాడు. ఓనరు బాపు తల ఎత్తకుండానే ఊఁ కొట్టాడు. ఆ పసుపు కుంకుమలు చల్లింది తానేనని ఒక్క మాట అంటే సగం గొడవ అక్కడే తీరేది. ఆయన అనలేదు. ఆమె ఆయన వైపు ఒకసారి చూసింది, ఆమె కూడా అనలేదు. నాకు ఒళ్ళు మండింది.

నేను కూడా ఆమె చెవి దగ్గరికి వెళ్ళి, గుంత ఉంచమని అడిగి నిమ్మకాయ వరకు ఒప్పుకోండి, ప్రాణం కంటే ఎక్కువా అన్నాను. అప్పుడు అందరికీ వినబడేలా చెప్పింది.

"ఇయ్యాల నిమ్మకాయ కోయనిచ్చిన్నంటే గుంతల ఏమో ఉన్నదని నేనే ఒప్పుకున్నట్టు. రేపు ఏ ఇంట్ల జ్వరమొచ్చినా నా గడపకే వస్తరు. కొయ్యనియ్య. పూడ్వనియ్య. ఏమున్నదో చూస్తరా, చూడుండ్రి."

భాయ్‌తో తవ్వించింది. కుర్రాళ్ళు గోడ దిగి వచ్చారు. ఉప్పు కనిపించింది, బొగ్గు కనిపించింది. ఆమె ప్రతిదాన్నీ పేరు పెట్టి చెప్పింది, అది ఎందుకో చెప్పింది. కొంతమంది తలలు ఊపారు కూడా. ఇక అడుగున రాగిరేకు మెరిసింది. ఒక్కసారిగా అందరూ వెనక్కి తగ్గారు. యంత్రాలు రాసేది రాగిరేకు మీదే కదా. ఇంటి పునాదిలో, పూజ గదిలో, తాయెత్తులో, ఎక్కడ మంత్రముంటే అక్కడ రాగిరేకు. ఇంత పెద్ద రేకును వాళ్ళెవరూ ఎన్నడూ చూసి ఉండరు. అవ్వ గుండెలు బాదుకుంది. ఇంతసేపూ మర్యాదగా ఉన్న పెద్దాయన గొంతు మారింది. పిల్ల తండ్రి ముందుకొచ్చాడు. నేను ఆమె కొంగు పట్టుకుని లోపలికి లాగాను. ఆమె కదలలేదు.

భాయ్ ఆమె పక్కకు వచ్చాడు. బస్తీ అమ్మవారి గుడి వెనక కూడా అచ్చం ఇలాంటి గుంతే ఉందని, తానే పెట్టానని, ఇంతకంటే పెద్ద రేకని మా ఇద్దరికే వినబడేలా గబగబా చెప్పాడు. "గుడిల గుడ ఉన్నదని చెప్పు అక్కా. ఖతం. అందరూ మొక్కి పోతరు" అన్నాడు. నిజమే. ఆ ఒక్క మాట అంటే అందరూ చెప్పులు విప్పి దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆమె చెప్పలేదు. భాయ్‌ను కూడా చెప్పనివ్వలేదు. అమ్మవారి చాటున దాక్కుని బతకడానికి తాను తప్పు చేసిందా అంది. ఇది ఆఫీసు గుంత, ఆఫీసుకు కావాలి కాబట్టి ఉంది, అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పనంది. ఆ మొండితనం సరైందా కాదా అని నన్ను అడగకండి. ఆ క్షణంలో నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో, ఇప్పుడు తలుచుకుంటే అంత గర్వంగా ఉంది.

ఆ తర్వాత ఆమె చేసింది ఎవరూ అనుకోనిది. గుంత చుట్టూ మూగిన వాళ్ళందరినీ ఒకసారి చూసి, పిల్ల ఎక్కడ అని అడిగింది. ఇంతమంది ఇక్కడుంటే పిల్ల దగ్గర ఎవరున్నారంది. పక్కింటి గడపలో అవ్వ కోడలు పిల్లను భుజాన వేసుకుని నిలబడి ఉంది. పిల్ల కళ్ళు సగం మూతలు పడి ఉన్నాయి. ఏ దవాఖానకు తీసుకెళ్ళారని అడిగితే కోడలు అత్త వైపు చూసింది. ఎక్కడికీ తీసుకెళ్ళలేదని నాకు అప్పుడు అర్థమైంది. దవాఖానవాళ్ళు తాయెత్తులు విప్పేస్తారని ఇంట్లో వద్దన్నారట.

ఆమె అటు అడుగు వేయగానే అవ్వ అడ్డం వచ్చి, పిల్లను ముట్టొద్దని అరిచింది. ఆమె ఆగిపోయింది.

"నేను ముట్ట" అంది, అవ్వతో కాదు, కోడలితో. "నీ బిడ్డ. నువ్వే ఎత్తుకున్నవ్ గద. నడువు."

కోడలు పిల్లను భుజం మీద సర్దుకుంది. మొగుడు ఏదో అన్నాడు. ఆ అమ్మాయి వినిపించుకోకుండా గడప దిగింది, మా ముందు నుంచే నడిచి రోడ్డు మీదికి వచ్చింది. నేను ఆటో ఆపాను. ముగ్గురం ఎక్కాం, తెరిచిన గుంతనూ తెరిచిన ఆఫీసునూ వాళ్ళకు వదిలేసి. ఆఫీసక్క మాట మీద నిలబడి ఆటోలో కూడా పిల్లను ముట్టలేదు, డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుంది. నేను ముందుకు వంగి, దారిలో ఈ పిల్లకేమైనా అయితే మీరు మళ్ళీ ఆ గల్లీకి రాలేరండీ అన్నాను.

"ఎర్కనే" అంది.

టైఫాయిడ్ అన్నారు పెద్ద దవాఖానలో. ముందే తేవాల్సింది అని తిట్టారు, పడక ఇచ్చారు. ఆమె రోజూ పని ముగించుకుని వెళ్ళి వార్డు బయట బల్ల మీద కూర్చునేది. లోపలికి వెళ్ళేది కాదు. పిల్ల తండ్రి ఎదురైతే ఇద్దరూ చెరో వైపు చూసేవాళ్ళు. ఆ రోజుల్లో ఆమె భయపడింది. నాకు తెలుసు, నాకు చెప్పింది కూడా. పిల్ల బతికితే చాలు, నాదేముందని అంటుందనుకున్నాను. అలా అనలేదు. పిల్లా పోవద్దు, తానూ పోవద్దు, రెండూ కావాలంది. జ్వరం దిగింది. పిల్ల ఇంటికి వచ్చింది.

ఇప్పుడు గల్లీ సిగ్గుపడిందనుకుంటున్నారు మీరు. గల్లీ గురించి మీకేం తెలియదు. పిల్లను దింపిన పూటే అవ్వ ప్రకటించింది, పెట్టినామే తీసింది అని. చూశారా, ఆమె వెంట పోగానే జ్వరం దిగింది, చేసిన చెయ్యే కదా విప్పాలి అని. అందరికీ సబబుగానే తోచింది. రాళ్ళు ఆగిపోయాయి, తెరిచి వదిలేసిన గుంతను భాయ్ మళ్ళీ ఉప్పూ బొగ్గులతో నింపాడు. దుకాణాలవాళ్ళు తిరిగి వచ్చారు, పాలబ్బాయి ప్యాకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టి దండం పెట్టి వెళ్ళాడు. వారం తిరక్కుండా ఒకామె పిల్లాడిని చంకనెత్తుకుని వచ్చి, జర తీసెయ్యక్కా అని కూర్చుంది. ఆఫీసక్క లేచి అరిచిన అరుపుకు నా చేతిలో చాయ్ ఒలికింది. దవాఖానకు తీస్కపో అని గేటు దాకా తరిమింది. అయినా వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆమె తరుముతూనే ఉంది. పాపం, తరిమించుకున్న పిల్లలు చాలామంది నిజంగానే దవాఖానకు వెళ్ళి బాగయ్యారు. పేరు ఇంకా పెరిగింది.

నాకొక ఉపాయం తోచింది. ఇంత నమ్మకం ఉన్నప్పుడు వాడుకోవాలి కదా. అవును నేనే తీస్తాను, కానీ ప్రతి ఇంటి ముందూ ఇలాంటి గుంత ఉంటేనే పని చేస్తుంది అనండి, నెలలో గల్లీ అంతా ఎర్తింగు పెట్టించుకుంటుంది, ఫ్రిజ్జులూ మోటార్లూ కొట్టడం ఆగిపోతుంది అన్నాను. మంచి ఉపాయమని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "నేను మంత్రాలదాన్నని నా నోటితో నేను ఒప్పుకుంటే, ఆ రోజు రాయి ఏసినోనిది తప్పేంది మరి?" అంది. "తీసేటిది నిజమైతే పెట్టేటిది గుడ నిజమే గద. నా తర్వాత ఇంకొకతె గుంత తవ్వుకుంటది. ఆమె గతేంది?"

అదే గుంత, అదే బకెట్టు, అదే వేళ. ఆమె నీళ్ళు పోస్తుంటే ఇప్పుడు ఆడవాళ్ళు వాకిలి చల్లడం ఆపి దూరం నుంచి దండం పెట్టేవాళ్ళు. దండం చూస్తే ఆమెకు రాయి పడ్డ రోజు కంటే ఎక్కువ కోపం వచ్చేది. నన్ను తిట్టినా బాగుండు, మొక్కుతున్నరు అని పళ్ళు కొరికేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం పక్కింటి కోడలు వచ్చింది. దండం పెట్టలేదు. పిల్లను చంకన వేసుకుని గడప దగ్గర నిలబడింది. పిల్ల ఒళ్ళు చేసింది, తల్లి గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. ఆఫీసక్క తలెత్తి చూసి, తీసేదీ పెట్టేదీ తన దగ్గర ఏమీ లేదని, ముందే చెప్పి కూర్చోమంది. ఆ అమ్మాయి కూర్చోలేదు. అందుకు రాలేదంది. ఇంట్లో బట్టలుతికే మిషను ముట్టుకుంటే జుమ్మంటోందట, తడి చేత్తో అయితే భుజం దాకా లాగుతోందట. చెప్పులేసుకుని ముట్టుకో అంటుందట అత్త. పిల్ల ఇప్పుడు మళ్ళీ ఇల్లంతా తిరుగుతోంది, చెప్పులు వేస్తే విప్పేస్తోంది, ఎప్పుడు వెళ్ళి దాన్ని పట్టుకుంటుందో అని పనిలో మనసు నిలవడం లేదట. వాళ్ళ ఇంటి ముందు కూడా జాగా ఉంది. భాయ్‌కు చెప్పి ఇలాంటి గుంతే తమకూ తవ్వించాలని అడిగింది.

ఆఫీసక్క కుర్చీలోంచి లేచి గడప దగ్గరికి వచ్చింది. ఎవరినైనా కడిగిపారేసే మనిషి, ఆ రోజు మెల్లగా మాట్లాడింది. ఇంట్లో అడిగావా అంది. లేదంది ఆ అమ్మాయి. అడిగితే తవ్వనివ్వరని, తవ్వాక చెప్తానని అంది.

"నన్ను ఏమన్నరో ఇన్నవ్ గద. చూసినవ్ గద" అంది ఆఫీసక్క. "రేపు నిన్ను గుడ గదే అంటరు. అందరికంటె ముందు మీ అత్తనే అంటది."

ఆ అమ్మాయి పిల్ల నోట్లోంచి గొలుసు తీసి, ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"అననియ్ అక్కా. ఉప్పు ఎంత తేవాలె?"